లాన్ ట్రాక్టర్ టైర్లతో పద్నాలుగేళ్లు

పోయిన నెల కిశోర్ మా ఇంటికొచ్చి వాన్ కొన్నానని చెప్పాడు. నలభై దాటిన మనిషి. ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్‌లో చేశాడు, లే ఆఫ్ అయింది. గ్రీన్ కార్డ్ చేతికొచ్చేసింది గనక ఇంటింటికీ వెళ్లి గడ్డి కోసే మోవర్లు బాగుచేసే పని పెట్టుకుంటానన్నాడు.

"ఇంజన్ పని కాలేజ్‌ల ఈవెనింగ్ కోర్స్ తీస్కొని నేర్చుకుంటున్న అక్కా. టైర్లే సమజైతలేవు. ఇంత చిన్నగుంటయ్ గానీ చుక్కలు చూపిస్తున్నయ్. నువ్వు చేసినన్ని ఎవరు చేసిన్రు చెప్పు? ఏమన్నా రాసియ్యరాదు?"

రాసిస్తానన్నాను. కిశోర్ మొదట నా కస్టమరే. ఎనిమిదేళ్ల కిందట నేను వాళ్లింటికి వెళ్లేసరికి కనుబొమలు సగం కాలిపోయి గరాజ్‌లో కూర్చుని ఉన్నాడు. టైరు రిమ్ముకి అతుక్కోవడం లేదని, వీడియోలో చూసి ఏదో స్ప్రే కొట్టి నిప్పంటించాడట. "వీడియోల మంచిగనే అయింది అక్కా" అన్నాడు పాపం. వాళ్లావిడ నా వైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. అలాంటి మనిషి ఇవాళ ఈ పని నేర్చుకుంటానంటుంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. అతనికీ, అతని వెనక వచ్చేవాళ్లకీ ఇది రాస్తున్నాను.

నేను మోరిస్‌విల్ అనే ఊరి పక్కన ఒక మోవర్ షాపులో పద్నాలుగేళ్లు పనిచేశాను. మొన్న వసంతంలో మానేశాను. మోకాళ్లు ఇక చాలన్నాయి.

చిన్నదే మొండిది

లాన్ ట్రాక్టర్ అంటే కూర్చుని నడుపుతూ గడ్డి కోసే బండి. దాని ముందు చక్రం పెద్ద అన్నం గిన్నె మూతంత ఉంటుంది. కారు టైరే మార్చినవాణ్ణి, ఇదెంత అనుకుంటారు అందరూ. కారుకి మనం చేసేది చక్రం తీసి ఇంకో చక్రం పెట్టడం. ఇక్కడ అలా కాదు. ఇనప రిమ్ము అదే ఉంటుంది, దాని మీదున్న రబ్బరు ఊడదీసి కొత్త రబ్బరు ఎక్కించాలి. రిమ్మును కరుచుకుని ఉండే టైరు అంచుని బీడ్ అంటాం. టైరు చిన్నదయ్యేకొద్దీ ఆ అంచు బిరుసుగా ఉంటుంది, పనిముట్టు దూర్చడానికి చోటుండదు.

బండి ఎత్తకముందే సగం పని అయిపోవాలి. చదునైన సిమెంటు నేల మీద పెట్టండి. వాలుగా ఉన్న డ్రైవ్‌వేలో వద్దే వద్దు. పార్కింగ్ బ్రేక్ వేశాం కదా అని నమ్మకండి. అది పట్టి ఉంచేది వెనక చక్రాలనే. వెనక చక్రాన్ని జాకీ మీద లేపారంటే ఇక బండిని ఆపేది ఏదీ ఉండదు. నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా చెక్కముక్కలు అడ్డం పెట్టండి. ముందు చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర చిన్న క్లిప్పు ఉంటుంది. అది ఎగిరి గడ్డిలో పడితే మధ్యాహ్నమంతా వెతుక్కోవాలి. నేను వెతుక్కున్నాను, అందుకే చెబుతున్నాను. వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే పళ్లెంలో పెట్టుకోండి. పాత టైరులో గాలి పూర్తిగా తీసేయండి. కొత్త టైరుని అరగంట ఎండలో పడేస్తే మెత్తబడుతుంది. సబ్బునీళ్లు ధారాళంగా రాయండి. కండబలం చేయలేనిది సబ్బు చేస్తుంది.

ఆ తరవాత గాలి కొడుతుంటే బీడ్ జరిగి జరిగి రిమ్ము అంచులో కూర్చుంటుంది. ఒక్కో వైపు కూర్చున్నప్పుడు 'టప్' మని చప్పుడవుతుంది. రెండు వైపులకీ రెండు టప్‌లు. ఆ రెండో టప్ కోసం తొందరపడి నేను ఒక పెద్దాయన వేళ్లు విరగ్గొట్టాను. ఈ పనిలో నాకు తెలిసిన అసలు విషయం అక్కడే నేర్చుకున్నాను.

డయాన్

మాది భీమవరం దగ్గర. బి.ఎస్సీ చదివి, పెళ్లి చేసుకుని, మా ఆయన వీసా మీద ఇక్కడికొచ్చాను. పని చేసే పర్మిషన్ లేక తొమ్మిదేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఆ తొమ్మిదేళ్లలో నేను ఏ పనికీ పనికిరానేమో అన్న భయం లోపల గూడు కట్టుకుంది. గ్రీన్ కార్డ్ వచ్చిన కొత్తలో మా మోవర్ బాగుచేయించడానికి ఒక షాపుకి వెళితే, ఫోన్లు ఎత్తడానికి మనిషి కావాలని తలుపు మీద కాగితం అంటించి ఉంది. అడిగాను. ఓనర్ పేరు డయాన్. అరవై దగ్గరపడిన తెల్లావిడ. భర్త పోయాక షాపు ఒక్కతే నడుపుతోంది.

"ఇక్కడికి ఫోన్ చేసేవాళ్లందరూ కోపంగానే ఉంటారు. ఏడవవు కదా?" అని అడిగింది.

ఏడవనన్నాను. అదే ఇంటర్వ్యూ.

రెండో వసంతంలో, గడ్డి మొలిచి ఊరంతా ఒకేసారి ఫోన్ చేసే రోజుల్లో, మెకానిక్ ఒకతను చెప్పకుండా మానేశాడు. డయాన్ బయటికొచ్చి నా చేతిలో టైరు ఊడదీసే ఇనప లీవర్ పెట్టి "ఇలా రా, దీన్ని ఇక్కడ నొక్కి పట్టుకో" అంది. ఆ లీవర్ మళ్లీ కింద పెట్టలేదు. ఏడాది తిరిగేసరికి ఇళ్లకి వెళ్లి టైర్లు మార్చే వాన్ నాకిచ్చింది. బండి షాపుకి మోసుకురాలేని ముసలివాళ్లే మా కస్టమర్లలో ఎక్కువ.

డయాన్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. పనిచేసేవాళ్లని పిండుతుంది. మూడిళ్లకి సరిపోయే రోజులో ఐదిళ్లు ఇరికిస్తుంది. కానీ నేను ఆడదాన్ననీ, నా ఇంగ్లిష్ ఇలా ఉంటుందనీ ఒక్కసారైనా లెక్కలోకి తీసుకోలేదు. టైరు సరిగ్గా ఎక్కిందా లేదా, అంతే ఆవిడ చూసేది. తొమ్మిదేళ్లు ఇంట్లో కూర్చున్నదానికి అది ఎంత పెద్ద మర్యాదో అప్పుడు నాకు తెలియలేదు.

"కొంచెం పట్టుకుంటారా?"

నా మూడో వేసవి. మా ఆయన ప్రసాద్‌కి ఉద్యోగం పోయి రెండు నెలలైంది. పిల్లలిద్దరూ మిడిల్ స్కూల్. ఇంటికి నా జీతమొక్కటే ఆధారం.

ఆ శనివారం నాలుగో ఇల్లు డాల్టన్ గారిది. ఆయన స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి, ఒక్కరే ఉంటారు. ఇక్కడి పాతకాలం మనుషుల అలవాటు ప్రకారం నన్ను "మిస్ సుగుణ" అని పిలిచేవారు. ముందు చక్రానికి కొత్త టైరు వేయాలి. సబ్బునీళ్ల సీసా అంతకుముందు వెళ్లిన కస్టమర్ ఇంట్లో మరిచిపోయి వచ్చాను. వెనక్కి వెళ్లి తెచ్చుకుంటే అరగంట. ఐదో ఇంటివాళ్లు అప్పటికే ఫోన్ చేస్తున్నారు. డాల్టన్ గారినే కాస్త సబ్బు అడగొచ్చని కూడా తోచలేదు, పొడిగానే ఎక్కించేశాను.

గాలి కొట్టాను. ఒక టప్ వినబడింది. రెండోది రాలేదు. ఇంకొంచెం కొట్టాను. ప్రతి టైరు పక్కనా ఎంతకు మించి గాలి కొట్టకూడదో అంకె అచ్చువేసి ఉంటుంది. లాన్ ట్రాక్టర్ టైరుకి అది చాలా చిన్న అంకె. కారు టైరుకి కొట్టే గాలిలో సగం కూడా ఉండదు. అది నాకు తెలుసు. తెలిసీ, గాలి ఎంతుందో చూపించే గేజ్ వైపు చూడలేదు. బండి నుంచి ఊడదీసిన చక్రం నేల మీద ఊగుతోంది. డాల్టన్ గారు పక్కనే నిలబడి చూస్తున్నారు.

"కొంచెం పట్టుకుంటారా?" అన్నాను.

ఆయన వంగి కుడిచేత్తో పట్టుకున్నారు. నేను గాలి ఇంకా కొట్టాను.

తుపాకీ పేలినట్టయింది. అంచు రిమ్ము మీంచి ఎగిరి చక్రం నేల మీంచి లేచింది. నా చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. డాల్టన్ గారు చెయ్యి పొట్టకి అదుముకుని గడ్డిలో కూర్చుండిపోయి ఉన్నారు. ఆయన నోరు కదులుతోంది గానీ మాట వినబడటం లేదు.

వాన్‌లో ఎక్కించుకుని హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. దారిలో చెవులు కాస్త తెరుచుకున్నాయి. ఆయన నన్ను ఓదారుస్తున్నారు! పిల్లలెంతమంది అని అడిగారు. ఇద్దరన్నాను. మీ ఆయన ఏం చేస్తారన్నారు. ఉద్యోగం పోయిందని చెప్పేశాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఎక్స్‌రేలో రెండు వేళ్లు విరిగాయని తేలింది. నేను ఫోన్ చేస్తే డయాన్ వచ్చింది. ఏం జరిగిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపు డాల్టన్ గారే చెప్పారు.

"తప్పు నాది. దూరంగా ఉండమని ఈవిడ రెండుసార్లు చెప్పింది. నేనే వినకుండా చెయ్యి పెట్టాను."

డయాన్ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఆ సాయంత్రం

మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఒక్కో రోజు ఒక్కొక్కరి వంతు. ఆ రోజు నా వంతు. నలుగురం కళ్లు మూసుకున్నాం. ఎంతకీ నేను మొదలుపెట్టకపోతే పిల్లలు కళ్లు తెరిచి చూశారు. ప్రసాద్ గబగబా తనే ప్రార్థన ముగించేశారు.

పిల్లలు తిని లేచాక అంతా చెప్పాను. ఆయన కంచం పక్కకి నెట్టారు.

"ఆయనంతట ఆయనే చెప్పాడు కదా సుగుణా. నువ్వేం అబద్ధం ఆడలేదు. వదిలెయ్యొచ్చుగా? ఇప్పుడు నీ జాబ్ కూడా పోతే ఇంటి మార్ట్‌గేజ్ ఎలా కడతాం?"

"నేను పట్టుకోమంటేనే పట్టుకున్నాడండీ. పెద్దాయన. విరిగిన చెయ్యి పెట్టుకుని నా కోసం తప్పు నెత్తినేసుకున్నాడు."

"తెలుసులే" అన్నారు ఆయన.

లేచి కంచాలు సింక్‌లో పెట్టి, నీళ్లు తిప్పి, మళ్లీ కట్టేశారు. నా వైపు తిరగకుండానే అన్నారు: "పొద్దున్నే వెళ్లి చెప్పెయ్. ఆదివారమైనా ఆవిడ షాపులోనే ఉంటుందిగా. నేనే డ్రైవ్ చేస్తాను."

ఉద్యోగం లేని మనిషి ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో మీరే ఆలోచించండి. ఆయనకి ఆ సంగతి ఇప్పుడు చెబితే "నేనేం చేశాను, కారే కదా నడిపాను" అంటారు.

గేజ్ ఎంత చూపించింది?

డయాన్ కౌంటర్ వెనక కాఫీ తాగుతోంది. నిలబడే చెప్పాను. సబ్బు లేకుండా ఎక్కించడం, చెయ్యి పట్టుకోమనడం, అన్నీ.

"గేజ్ ఎంత చూపించింది?" అంది.

"చూడలేదు."

"అసలు చూడలేదా?"

"లేదు."

కప్పు కింద పెట్టింది. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆవిడ గోడ మీద బోర్డు వైపు చూసింది. దాని మీద ఆ వారం ఏ రోజు ఏ ఇళ్లకి వెళ్లాలో రాసి ఉంటుంది. శనివారం కింద ఐదు పేర్లు.

"ఆ ఐదు పేర్లూ రాసింది నేను" అంది. "నువ్వు చేసింది నువ్వు చేశావు. ఇది నేను చేశాను. ఇన్సూరెన్స్ వాళ్లకి రెండూ చెబుతాను. నువ్వు ఇక ఇళ్లకి వెళ్లొద్దు. రేపటి నుంచి వెనక షెడ్డు."

షాపుకి ఇన్సూరెన్స్ ఖరీదు పెరిగింది. ఆ మాట నాకు పక్క మెకానిక్ చెప్పాడు గానీ ఆవిడ ఏనాడూ ఎత్తలేదు. ఆ రోజు తరవాత బోర్డు మీద ఒక రోజు కింద మూడు పేర్లకి మించి రాయలేదు. నేను ఎంతోమంది పెద్ద పెద్ద మేనేజర్ల గురించి మా ఆయన నోట విన్నాను. తన చేతిరాత వైపు వేలు చూపించి "ఇది నా తప్పు" అన్న బాస్‌ని మాత్రం ఒక్కరినే చూశాను.

వెనక షెడ్డులో పారేయాల్సిన పాత చక్రాలు గుట్టగా పడి ఉండేవి. వేసవి మిగిలినదంతా వాటిని ఊడదీయడం, మళ్లీ ఎక్కించడం. మొదటి వారం అవమానంగా ఉండేది. ఇది శిక్ష అనుకున్నాను. మూడో వారానికి చేతులకి ఏదో తెలియడం మొదలైంది. బీడ్ కూర్చోకపోవడానికి గాలి చాలకపోవడం కారణం కానే కాదని తెలిసింది. రిమ్ము మీద తుప్పు ఉంటుంది. లేదా టైరు వంకరగా పడి ఉంటుంది. లేదా సబ్బు ఎండిపోయి ఉంటుంది. గాలి తీసేసి, తుప్పు గీకి, మళ్లీ సబ్బు రాసి మొదటినుంచి మొదలుపెడితే చిన్న అంకె దగ్గరే టప్ మంటుంది. అంచు రిమ్ముకి తగలక గాలి బయటికి పోతుంటే టైరు చుట్టూ నడిమధ్యన ఒక పట్టీ బిగిస్తే అంచులు పక్కలకి తెరుచుకుంటాయి. అంతే తప్ప ఇంకా ఇంకా కొట్టడం వైద్యం కాదు.

కాబట్టి కొత్తవాళ్లకి నా మాట ఇది. పొడవాటి గొట్టం కొనుక్కుని దూరంగా నిలబడి గాలి కొట్టండి. కళ్లు గేజ్ మీదే ఉంచండి. కస్టమర్‌ని గరాజ్ అవతలికి పంపండి. కోపమొచ్చినా సరే పంపండి. అంకె దాకా వచ్చి కూడా కూర్చోకపోతే ఆపేయండి. ఆపి ఇంటికి వచ్చేసినందుకు నన్ను తిట్టిన కస్టమర్లు ఉన్నారు. వాళ్లందరికీ పది వేళ్లూ సవ్యంగా ఉన్నాయి.

డాల్టన్ గారు

నిజం చెప్పేశానని ఇన్సూరెన్స్ వాళ్ల ద్వారా ఆయనకి తెలిసింది. క్షమాపణ అడగడానికి ప్రసాద్‌నీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన తలుపు తీసి, జాలీ తలుపు మాత్రం తీయకుండా, కట్టు కట్టిన చేత్తో నిలబడ్డారు.

"నీ ఉద్యోగం నిలబడాలని జీవితంలో మొదటిసారి హాస్పిటల్లో అబద్ధమాడాను. ఒక్క రాత్రి కూడా దాన్ని నిలబెట్టలేదు నువ్వు" అన్నారు. నిజంగానే కోపంగా ఉన్నారు. ఆ వేసవి గడ్డి నేను కోస్తానంటే ఒప్పుకోలేదు.

ఆకులు రాలే రోజుల్లో ఆయనే షాపుకి ఫోన్ చేసి నన్ను అడిగారు. వేళ్లు అతుక్కున్నాయి గానీ కాస్త వంకరగా. "ట్రాక్టర్ అప్పటినుంచీ మూడు చక్రాల మీదే ఉంది. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. నువ్వు రా. కానీ నువ్వు కూడా ముట్టుకోకు. నాకు చెప్పు, నేను చేస్తాను" అన్నారు.

డయాన్‌ని అడిగాను. "వెళ్లు" అంది. నా వాన్ తాళం అలా తిరిగొచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా నేను తలకిందులు చేసిన బకెట్ మీద కూర్చుని చెప్పాను, ఆయన చేశారు. గాలి కొట్టేటప్పుడు ఇద్దరం దూరంగా నిలబడ్డాం. మొదటి టప్ విన్నప్పుడు ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. నావీ అంతే. రెండోది చిన్న అంకె దగ్గరే వచ్చింది. ఆయన నా వైపు చూడకుండా "ఇంతేనా?" అన్నారు.

"ఇంతేనండీ" అన్నాను. ఎందుకో తెలుగులో అనేశాను. ఆయనకి అర్థమయింది.

తరవాతి వేసవి మొదట్లో ఒక పొద్దున్న ఫోన్ చేశారు. "మిస్ సుగుణ, రెండో ముందు టైరు పోయింది. నువ్వు రావక్కర్లేదు. నేనే మార్చేశాను." పద్నాలుగేళ్లలో నాకు వచ్చిన ఫోన్లన్నిట్లోకీ నాకు ఇష్టమైన ఫోన్ అది. రావొద్దన్నా లంచ్ టైమ్‌లో వెళ్లాను. గరాజ్ ముందు ట్రాక్టర్ పక్కన నిలబడి ఉన్నారు, చేతులు మోచేతుల దాకా నల్లగా.

"ఎలా ఉంది?" అన్నారు.

చుట్టూ తిరిగి చూశాను. బీడ్ రెండు వైపులా గీత గీసినట్టు కూర్చుంది. కానీ గాలి కొట్టే నాజిల్ బయటికి లేదు, లోపలి వైపు ఇరుసుకి ఆనుకుని ఉంది. చక్రం తిరగేసి పెట్టారు.

"నేనైనా ఇంత శుభ్రంగా ఎక్కించలేను" అన్నాను. "కానీ గాలి తగ్గితే ఎక్కడినుంచి కొడతారు?"

వంగి చూశారు. తరవాత నవ్వడం మొదలుపెట్టి దగ్గొచ్చేదాకా నవ్వారు.

"ముప్పయ్యేళ్లు బస్సు నడిపాను. చక్రం తిరగేసి బిగించిన మూర్ఖుణ్ణి ఇవాళే చూస్తున్నాను."

నేను మళ్లీ బకెట్ మీద కూర్చున్నాను. చక్రం ఊడదీసి సరిగ్గా పెట్టడానికి జాకీ ఆయనే తెచ్చుకున్నారు. చెక్కముక్కలు ఆయనే పెట్టుకున్నారు. క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి వంకర తిరిగిన ఆ రెండు వేళ్లకి పట్టు దొరకలేదు. ఒకసారి జారింది. ఇంకోసారి జారింది. నా చెయ్యి దానంతటదే ముందుకు వెళ్లింది. వెనక్కి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన శ్వాస బిగబట్టి, వేళ్లు మార్చి, మళ్లీ పట్టారు. ఈసారి క్లిప్పు ఊడి ఆయన అరచేతిలో పడింది.